ప్లేఆఫ్స్ మధ్యలో కోచ్‌ల ఇంటర్వ్యూలు: లయన్స్‌ని ఓడించింది ఆ వీడియో కాల్సేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFLలో, 2024 సీజన్‌ని డెట్రాయిట్ లయన్స్ 15 గెలుపులు, 2 ఓటములతో ముగించి టాప్ సీడ్ కొట్టింది, అంటే ప్లేఆఫ్స్ మొదటి రౌండ్ ఆడక్కర్లేదు. ప్లేఆఫ్స్‌లో ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే అఫెన్స్ కోఆర్డినేటర్ (దాడి ఆట నడిపే అసిస్టెంట్ కోచ్) బెన్ జాన్సన్, డిఫెన్స్ కోఆర్డినేటర్ (అడ్డుకునే ఆట నడిపే అసిస్టెంట్) ఏరన్ గ్లెన్ ఇద్దరూ వేరే టీమ్‌ల హెడ్ కోచ్ పోస్టులకి ఇంటర్వ్యూలు ఇచ్చారు. మ్యాచ్ పోయింది. నాలుగు రోజులు తిరక్కుండా ఇద్దరూ వెళ్లిపోయారు. టీమ్ దీనికెలా ఒప్పుకుంటుంది, ఓటమికి ఇదే కారణమా, ఇది ద్రోహం కాదా, నాలుగో క్వార్టర్‌లో ఆ వింత ఆట ఎందుకు ఆడించారు అని మీరు అడుగుతున్నారు.

నేను డెట్రాయిట్ పక్కన నోవైలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. 2008లో పదహారుకి పదహారూ ఓడిన లయన్స్‌ని చూశాను కాబట్టి మీ కడుపుమంట నాకు తెలుసు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అబ్బాయి హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో ఆ టీమ్‌కి వీడియో పని చేయడానికి వలంటీరుగా చేరాను. వాడు కాలేజీకి పోయాక కూడా మానబుద్ధి కాక ఆరు సీజన్లు అక్కడే ఉండిపోయాను. మ్యాచ్ వీడియో ముక్కలు చేయడం, ఏ డౌన్‌లో (పది గజాలు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోదాంట్లో) ఏ ఆట ఆడారో రాసి పెట్టడం, కోచ్‌ల గదిలో మూల కుర్చీలో కూర్చోవడం, అంతే నా పని. కానీ ఆ మూల కుర్చీ నుంచి చాలా కనిపిస్తుంది.

ముందుగా ఆ రాత్రి. 2025 జనవరి 18, శనివారం. మావాళ్లు సంక్రాంతి సంబరాలు ఆ రోజే పెట్టుకున్నారు. స్టేజి మీద పిల్లల డాన్సులు. వెనక వరసలో పదిహేను మంది మగవాళ్లం నీళ్ల సీసాకి ఆనించి పెట్టిన ఒకే ఫోన్ చుట్టూ మూగి ఉన్నాం. పులిహోర ప్లేట్లు చేతుల్లోనే చల్లారిపోతున్నాయి. మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) గోఫ్ బంతి పోగొట్టిన ప్రతిసారీ మేమంతా ఒక్క గొంతుతో ‘అబ్బా’ అంటుంటే, ముందు వరసలోంచి ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా నాయనా అని అడిగింది. 45-31తో వాషింగ్టన్ గెలిచింది. మనవాళ్లు ఐదుసార్లు బంతి వాళ్ల చేతిలో పెట్టారు. పార్కింగులో కార్లు తీస్తూ అందరిదీ ఒకే మాట: ‘వాళ్ల మనసు ఇక్కడ లేదండీ, చికాగోలోనూ న్యూయార్క్‌లోనూ ఉంది.’

ఆ మాట నేనూ అన్నాను. ఇప్పుడు అనను. ఎందుకో చెప్పాలంటే అసలు రూలేమిటో తెలియాలి.

టీమ్ ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అనే ప్రశ్నే ఇక్కడ లేదు. అసిస్టెంట్‌ని వేరే టీమ్ హెడ్ కోచ్ పదవికి పిలిస్తే, లీగ్ ఇచ్చిన గడువుల్లో పిలిచినంతవరకు, ఇప్పుడున్న టీమ్ అడ్డుకోవడానికి వీల్లేదు. లయన్స్ హెడ్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్ వద్దన్నా చెల్లదు. ఆ గడువులు ఇలా ఉంటాయి. మొదటి రౌండ్ బై (ఆడకుండానే రెండో రౌండ్‌కి వెళ్లే వీలు) దొరికిన టీమ్ కోచ్‌లు ఆ ఖాళీ వారంలో వీడియో కాల్‌లో మాట్లాడొచ్చు. మొదటి రౌండ్ ఆడిన టీమ్ వాళ్లు ఆ మ్యాచ్ అయ్యాక కొద్దిరోజులు ఆగి మాట్లాడాలి. గెలిచి ఉంటే అది తర్వాతి మ్యాచ్ వారమే అవుతుంది. ఎదురుబొదురు కూర్చుని మాట్లాడటం మాత్రం డివిజనల్ రౌండ్ (ప్లేఆఫ్స్ రెండో రౌండ్) అయిపోయాకే. ఈ ముఖాముఖి నిబంధన 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. సూపర్ బౌల్‌కి, అంటే లీగ్ ఫైనల్‌కి చేరిన టీమ్ వాళ్లకి మధ్యలో వచ్చే ఖాళీ వారంలో రెండో ఇంటర్వ్యూకి వీలుంటుంది, సూపర్ బౌల్ వారంలో ఉండదు. వాళ్లకి ఉద్యోగం ఇచ్చేది సూపర్ బౌల్ అయ్యాకే.

కాబట్టి జాన్సన్, గ్లెన్ మాట్లాడింది బై వారంలో. అప్పటికి లయన్స్ ప్రత్యర్థి ఎవరో కూడా తేలలేదు. జనవరి 12, ఆదివారం రాత్రి వాషింగ్టన్ టాంపాలో గెలిచాక గాని తెలియలేదు. ఏడాది మొత్తంలో కోచ్‌కి అతి చవగ్గా దొరికే గంటలు అవే. తర్వాతి వారంలో మంగళవారం రాత్రి పోయే రెండు గంటలు అలాంటివి కావు. మామూలుగా ఆదివారం మ్యాచ్ ఉంటే సోమవారం, మంగళవారం గేమ్ ప్లాన్ కడతారు. మంగళవారం ఆటగాళ్లకి సెలవు, కోచ్‌లకి అర్ధరాత్రి దాకా కొలువు. బుధవారం ఫస్ట్, సెకండ్ డౌన్ ఆటలు నేర్పిస్తారు. గురువారం థర్డ్ డౌన్. శుక్రవారం రెడ్ జోన్, అంటే చివరి ఇరవై గజాల ఆటలు. శనివారం మెల్లగా నడిచి చూసుకోవడమే. ఒక రోజు పని జారితే దాన్ని పెట్టుకోవడానికి వెనక ఇంకో రోజు ఉండదు.

ఇక్కడ మా స్కూల్ సంగతి ఒకటి చెప్తాను. పేర్లు వద్దు. ఒక నవంబర్‌లో మేం ప్లేఆఫ్స్‌లో ఉండగా మా డిఫెన్స్ కోచ్‌కి పక్క జిల్లా స్కూల్ నుంచి హెడ్ కోచ్ పిలుపు వచ్చింది. బుధవారం సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక వెళ్లి, గంటన్నర మాట్లాడి, రాత్రి ఎనిమిదిన్నరకల్లా మా గదిలో ఉన్నాడు. చెప్పే వెళ్లాడు, చెప్పిన టైముకే వచ్చాడు. ఇంటర్వ్యూ అంతటితో అయిపోయింది. ఫోన్ మాత్రం అయిపోలేదు. బల్ల మీద బోర్లా పెట్టుకున్నాడు, ఐదు నిమిషాలకోసారి బల్ల గుయ్‌మంటోంది. తీసుకుని బయటికి పోవడం, రావడం. మూడోసారి వెళ్లినప్పుడు మా లైన్ కోచ్ కూడా వెనకే వెళ్లాడు. అప్పుడర్థమైంది: కొత్త స్కూల్‌కి నువ్వు నాతో వస్తావా అని మావాణ్ణే అడుగుతున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం నేను కాల్ షీట్‌కి (ఎప్పుడు ఏ ఆట పిలవాలో, అంటే ఆడించాలో రాసిన కాగితానికి) ప్లాస్టిక్ తొడిగించడానికి తీసుకెళ్తూ చూస్తే, థర్డ్ అండ్ లాంగ్ గడి ఖాళీగా ఉంది. ఏడు గజాలు దాటి కావాల్సినప్పుడు ఏం పిలవాలో రాసే గడి అది. మనిషి సిగ్గుపడిపోయి బస్సులో కూర్చుని పెన్సిల్‌తో నింపాడు. ఆ మ్యాచ్ మేం గెలిచాం కూడా. తర్వాతి వారం ఓడాం. దేనివల్ల ఓడామో ఈ రోజుకీ ఎవరం చెప్పలేం.

ఆ గడి చూశాకే నా ఆలోచన మారింది. హెడ్ కోచ్ ఇంటర్వ్యూలో టీమ్ ఓనరు, జనరల్ మేనేజరు అడిగే ప్రశ్నల్లో అన్నిటికన్నా బరువైనది ‘నీ స్టాఫ్ ఎవరు’ అన్నదే. నీ అఫెన్స్ ఎవరు పిలుస్తారు, డిఫెన్స్ ఎవరు చూస్తారు, క్వార్టర్‌బ్యాక్‌ని ఎవరు తీర్చిదిద్దుతారు. దానికి జవాబు చెప్పాలంటే ముందే నలుగురిని కదిపి ఉండాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది, కానీ సోమలింగం పేరు చెప్పకపోతే ఉద్యోగం రాదు. మీరు ఐటీలో ఉంటే ఇంకా తేలిగ్గా పడుతుంది. గో-లైవ్ వారంలో బయట ఒక ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చిన లీడ్ వల్ల ప్రాజెక్టు కూలదు. వాడు రోజంతా కాన్ఫరెన్స్ రూములో దూరి, నీ టీమ్‌లో ఎవరెవరిని తీసుకుపోవాలో ఫోన్లో మాట్లాడుకుంటుంటే అప్పుడు కూలుతుంది.

లయన్స్ ఖాళీ అయింది కూడా ఇద్దరితో కాదు. జాన్సన్ చికాగో బేర్స్‌కి పోతూ రిసీవర్ల (విసిరిన బంతి అందుకునేవాళ్ల) కోచ్ ఆంట్వాన్ రాండిల్ ఎల్‌ని, క్వార్టర్‌బ్యాక్‌ల దగ్గర పనిచేసే జె.టి. బారెట్‌ని తీసుకెళ్లాడు. గ్లెన్ న్యూయార్క్ జెట్స్‌కి పోతూ పాసింగ్ గేమ్ చూసే టానర్ ఎంగ్‌స్ట్రాండ్‌ని అఫెన్స్ కోఆర్డినేటర్‌గా, టైట్ ఎండ్‌ల కోచ్ స్టీవ్ హైడెన్‌ని కూడా పట్టుకెళ్లాడు. తర్వాతి సీజన్‌లో బేర్స్ 11-6తో డివిజన్ గెలిచారు. లయన్స్ 9-8తో ప్లేఆఫ్స్ బయటే ఆగిపోయారు. జెట్స్‌కి దక్కినవి మూడే విజయాలు, అది వేరే కథ.

ఇంటర్వ్యూ వల్లే ఓడిపోతారు అనేవాళ్లకి నేను చూపించే మ్యాచ్ 2023 ఫిబ్రవరి 12 నాటి సూపర్ బౌల్. ఫిలడెల్ఫియా ఈగిల్స్ కోఆర్డినేటర్లు ఇద్దరూ ఆ ప్లేఆఫ్స్‌లో హెడ్ కోచ్ పదవుల జాబితాల్లో ఉన్నవాళ్లే. ఇద్దరికీ ఒకే రోజు, ఫిబ్రవరి 14న ఉద్యోగాలు ఖాయమయ్యాయి. షేన్ స్టైకెన్ కోల్ట్స్‌కి, జొనాథన్ గానన్ కార్డినల్స్‌కి. ఒకే టీమ్, ఒకే లాకర్ రూమ్. స్టైకెన్ అఫెన్స్ కాన్సస్ సిటీ చీఫ్స్ మీద 35 పాయింట్లు కొట్టింది. గానన్ డిఫెన్స్ రెండో సగంలో ప్రత్యర్థికి బంతి దొరికిన ప్రతిసారీ పాయింట్లు ఇచ్చుకుంది. 38-35తో ఓడారు. (ఆ 38లో ఒక టచ్‌డౌన్ చీఫ్స్ డిఫెన్స్ సొంతంగా తెచ్చుకున్నది, దాన్ని గానన్ ఖాతాలో వేయకూడదు.) ఇంటర్వ్యూలే విషమైతే ఒకరికి ఎక్కి ఇంకొకరికి ఎక్కకపోవడం ఏమిటి?

తేడా ఒకటుందని తర్వాత బయటపడింది, అదీ ఫోన్ రూపంలోనే. కాన్ఫరెన్స్ ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందరి రౌండ్) అయ్యాక, మాట్లాడకూడని రోజుల్లో, కార్డినల్స్ జనరల్ మేనేజరు గానన్‌తో ఫోన్లో మాట్లాడాడు. ఆ సంగతి కార్డినల్స్ వాళ్లే లీగ్‌కి చెప్పుకున్నారు. ఏప్రిల్‌లో రెండు టీమ్‌ల మధ్య డ్రాఫ్ట్ పిక్‌ల (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే వంతుల) సర్దుబాటు జరిగింది. మూడో రౌండ్‌లో కార్డినల్స్ 66వ పిక్ ఈగిల్స్‌కి పోయింది, 94వది కార్డినల్స్‌కి వచ్చింది. ఆ ఒక్క కాల్ వల్లే సూపర్ బౌల్ పోయిందని నేననను. కానీ ఫిలడెల్ఫియాలో ఆ మాట అనేవాడితో వాదనకి దిగను.

అట్లాంటా వాళ్ల కేసు మాత్రం నేను ఒప్పుకోను. 2017 ఫిబ్రవరి 5న ఫాల్కన్స్ 28-3తో ముందుండి 34-28తో ఓడారు. మర్నాడే వాళ్ల అఫెన్స్ కోఆర్డినేటర్ కైల్ షానహాన్‌ని శాన్‌ఫ్రాన్సిస్కో హెడ్ కోచ్‌గా ప్రకటించారు. ఐదు నిమిషాల్లోపు టైముంది, ఎనిమిది పాయింట్లు ముందున్నారు, బంతి ప్రత్యర్థి గీతకి 22 గజాల దగ్గరుంది. మూడుసార్లు పరిగెత్తి ఫీల్డ్ గోల్ (కాలితో తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లు) కొట్టుకుంటే పోయేది. పాస్ పిలిచాడు, శాక్ పడింది, అంటే విసరకముందే పడగొట్టారు, పైన హోల్డింగ్ (ప్రత్యర్థిని పట్టుకుని ఆపినందుకు) పెనాల్టీ. కొట్టే దూరం దాటిపోయింది. మనసు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉందని అట్లాంటాలో ఇప్పటికీ అంటారు. ఆ సీజనంతా చూసినవాళ్లకి తెలుసు, ఆయన ముందున్నా వెనకున్నా అలాగే పిలిచేవాడు. అది తలబిరుసు. పరధ్యానం కాదు.

ఇప్పుడు అవతలి ఒడ్డున నిలబడి చూడండి, ఎందుకంటే మీరు ద్రోహం అనే పెద్ద మాట వాడారు. అసిస్టెంట్‌కి గెలుపే శిక్ష అయ్యే ఏర్పాటు ఇది. జనవరి మొదటి వారంలో హెడ్ కోచ్‌లని పీకేస్తారు, ఉద్యోగాలు ఖాళీ అవుతాయి. ఓడిన టీమ్ కోచ్ ఆ మర్నాటి నుంచి ఖాళీయే. ఉద్యోగంలో లేనివాడు ఇంకా ఖాళీ. 2025లో పేట్రియట్స్ జనవరి 5న కోచ్‌ని తీసేసి, 12న మైక్ వ్రేబుల్‌ని పెట్టుకున్నారు. వారం రోజులు. అప్పటికి లయన్స్ ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడలేదు. జాన్సన్ మాట్లాడిన వాళ్లలో పేట్రియట్స్ కూడా ఉన్నారు. మీ టీమ్ ఎంత దూరం పోతే మీకు మిగిలే పదవులు అంత తగ్గుతాయి. ఎరిక్ బియెనెమీ 2018 నుంచి 2022 దాకా చీఫ్స్ అఫెన్స్ కోఆర్డినేటర్. ఐదేళ్లూ కాన్ఫరెన్స్ ఫైనల్, మూడు సూపర్ బౌల్‌లు, రెండు ఉంగరాలు, అంటే రెండు కప్పులు. ఇంటర్వ్యూలు బోలెడు, హెడ్ కోచ్ పదవి సున్నా. దానికి కారణాలు చాలా చెప్తారు, ఆటలు పిలిచేది అసలు ఆండీ రీడే కదా అన్నది ఒకటి. కానీ ప్రతి జనవరిలోనూ ఆయన్ని ఎంచుకునేవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ ఆగాల్సి వచ్చింది, ఆగే ఓపిక ఎవరికీ ఉండదు.

ఒక్కోసారి ఉంటుంది. 2025లో ఏడు పోస్టులు ఖాళీ అయితే, న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ ఒక్కరే ఫిబ్రవరి దాకా ఆగారు. ఈగిల్స్ అఫెన్స్ కోఆర్డినేటర్ కెల్లెన్ మూర్ కోసం. ఆయన మధ్యలో సెయింట్స్‌తో మాట్లాడుతూనే కాన్ఫరెన్స్ ఫైనల్లో 55, సూపర్ బౌల్లో టీమ్ మొత్తం మీద 40 పాయింట్లు చూశాడు. ఫిబ్రవరి 9న కప్పు, 11న కొత్త ఉద్యోగం. అన్నట్టు లయన్స్ మీద ఏడ్చేవాళ్లెవరూ ఈ ముక్క చెప్పరు.

ఆగినవాళ్లు దెబ్బతిన్న కథ కూడా ఉంది. 2018 ఫిబ్రవరి 6న కోల్ట్స్, అప్పుడే సూపర్ బౌల్ ఓడి వచ్చిన పేట్రియట్స్ కోఆర్డినేటర్ జోష్ మెక్‌డానియెల్స్‌ని హెడ్ కోచ్‌గా ప్రకటించారు. ఆ సాయంత్రానికే ఆయన మనసు మార్చుకుని ఇంట్లోనే ఉండిపోయాడు. అప్పటికే ఆయన కోసం ముగ్గురు అసిస్టెంట్లు కోల్ట్స్‌తో ఒప్పందాలు చేసుకున్నారు. పెళ్లికొడుకు రాలేదు, తోడుపెళ్లికొడుకులు విడిదిలో ఉన్నారు. కోల్ట్స్ వాళ్లు పరువు నిలబెట్టుకుని ఆ ముగ్గురినీ ఉంచుకున్నారు. హెడ్ కోచ్‌గా, అదే సూపర్ బౌల్ గెలిచిన ఈగిల్స్ కోఆర్డినేటర్ ఫ్రాంక్ రైక్‌ని తెచ్చుకున్నారు. ఆ ముగ్గురిలో ఒకడు మాట్ ఎబర్‌ఫ్లూస్. తర్వాత బేర్స్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. 2024 థాంక్స్‌గివింగ్ నాడు మన ఫోర్డ్ ఫీల్డ్‌లో టైమౌట్ జేబులో ఉంచుకుని గడియారం కరిగిపోతుంటే చూస్తూ నిలబడి ఓడాడు, మర్నాడే తీసేశారు. ఆ కుర్చీలోకే బెన్ జాన్సన్ వెళ్లాడు. ఆ రోజు స్టేడియంలో మనం కేరింతలు కొట్టింది దేనికో చూసుకోండి.

జాన్సన్ తొందరపడే మనిషి కూడా కాదు. అంతకుముందు ఏడాది, 2024 జనవరి చివర్లో, వాషింగ్టన్ వాళ్లు ఆయన్ని చూడటానికి విమానంలో డెట్రాయిట్ వస్తుంటే, గాలిలో ఉండగానే కబురు పంపాడు, నేను లయన్స్‌తోనే ఉంటానని. ఇంకో ఏడాది మనకిచ్చాడు. వాషింగ్టన్ వాళ్లు డాన్ క్విన్‌ని పెట్టుకున్నారు. మనల్ని ఇంట్లో ఓడించింది ఆ క్విన్ టీమే.

గ్లెన్ నల్లజాతి కోచ్, ఆయన విషయంలో ఇంకో లెక్క ఉంది. లీగ్‌లో నల్లజాతి కోచ్‌లకి హెడ్ కోచ్ పదవులు రావడం లేదన్న విమర్శ మీద 2003లో రూనీ రూల్ వచ్చింది. ఖాళీ ఉన్న ప్రతి టీమ్ మైనారిటీ అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసి తీరాలి. హడావిడిగా, ముందే అనుకున్న మనిషికి కట్టబెట్టడం ఆగాలంటే క్యాలెండర్ నెమ్మదించాలి. ముఖాముఖిని డివిజనల్ రౌండ్ తర్వాతకి జరపడం వెనక ఈ ఆలోచన కూడా ఉంది. 2020 నుంచి, మైనారిటీ అసిస్టెంట్‌ని తీర్చిదిద్ది వేరే టీమ్‌కి హెడ్ కోచ్‌గా ఇచ్చిన టీమ్‌కి వరసగా రెండు డ్రాఫ్టుల్లో మూడో రౌండ్ చివర ఒక్కో అదనపు పిక్ ఇస్తున్నారు. గ్లెన్ పోయినందుకు లయన్స్‌కి అవి వచ్చాయి. కోచ్ పోయాడని ఏడుస్తూ పిక్ చేతిలో పట్టుకోవడం కొంచెం వింతగానే ఉంటుంది.

మరి అన్ని ఇంటర్వ్యూలూ సూపర్ బౌల్ అయ్యాకే పెట్టుకోవచ్చు కదా అంటారు. ఆ మాట కొన్నేళ్లుగా ఉంది, వినడానికి బాగుంటుంది. ఫిబ్రవరి నెలాఖరుకి ఇండియానాపొలిస్‌లో కుర్రాళ్ల పరీక్షలు, మార్చి మధ్యలో ఆటగాళ్ల కొనుగోళ్లు. ఫిబ్రవరి రెండో వారానికి కోచ్ లేని టీమ్ ఆ రెండింటికీ ఏ ఆటతీరుకి ఎవరు కావాలో తెలియకుండా వెళ్లాలి. పైగా ఇంటర్వ్యూలు ఆపితే ఫోన్లు ఆగుతాయా? నాలుగు వారాలు చాటుగా మోగుతాయి. ఇప్పుడు కనీసం ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారో రాసి ఉంటుంది. నా ఓటు ఇప్పుడున్న పద్ధతికే, ఒక్క సవరణతో. మొదటి రౌండ్ ఆడి గెలిచిన టీమ్ కోచ్‌లని మ్యాచ్ వారంలో కదపకూడదు. బై వారంలో మాట్లాడటం వేరు, గురువారం థర్డ్ డౌన్ ప్రాక్టీసు రోజు మాట్లాడటం వేరు.

కాలేజీ ఫుట్‌బాల్లో ఈ గోడలు కూడా లేవు, కాబట్టి పోలిక పెట్టొద్దు. అలబామాలో లేన్ కిఫిన్ వేరే యూనివర్సిటీ ఉద్యోగం ఒప్పుకుని రెండూ చేయబోతే, ఫైనల్‌కి వారం ముందు ఆయన్ని పంపేసి స్టీవ్ సార్కిసియన్ చేత ఆటలు పిలిపించారు. 2017 జనవరి 9న క్లెమ్‌సన్ చేతిలో 35-31తో ఓడారు. అంతకు ఏడాది ముందు అక్కడే కర్బీ స్మార్ట్ జార్జియా ఉద్యోగం ఒప్పుకుని కూడా చివరిదాకా ఉండి కప్పు గెలిపించి వెళ్లాడు.

ఇక మీరు ప్రత్యేకంగా అడిగిన ఆట. నాలుగో క్వార్టర్‌లో, వెనకబడి ఉన్నప్పుడు, రిసీవర్ జేమ్‌సన్ విలియమ్స్ చేత బంతి విసిరించడం, అది వాళ్ల చేతిలో పడటం. మనసెక్కడో ఉన్న మనిషి పిలిచే ఆట కాదది. అలాంటివి ముందు వారమంతా కూర్చుని అల్లుకోవాలి, ప్రాక్టీసులో పదిసార్లు చేయించాలి. అంతకుముందు అలాంటి వింత ఆటలు పారినప్పుడల్లా మనం జాన్సన్‌ని మేధావి అన్నాం. ఆ రోజు డిఫెన్స్‌లో హచిన్సన్ కాలు విరిగి అక్టోబర్ నుంచి లేడు, మెక్‌నీల్ లేడు, డేవిస్ లేడు. గ్లెన్ ఎవరితో ఆడించాడో ఆ పేర్ల జాబితా ఒకసారి తీసి చూడండి. సగం మందిని సెప్టెంబర్‌లో మనం ఎరగం.